తుడిచే బట్ట

నల్లరంగు కారును రాత్రిపూట ఒంటి దీపం కింద నిలబెట్టి చూస్తే బానెట్ మీద సాలెగూడు కనబడుతుంది. నడుమ వెలుగుముద్ద, దాని చుట్టూ వలయాలు వలయాలుగా వెంట్రుకకన్నా సన్నటి గీతలు. మబ్బు పట్టిన పగటిపూట అదే బానెట్ నున్నగా, మచ్చ లేనట్టే ఉంటుంది. జహీరాబాద్‌లో ఈ గీతల సంగతి చాలామందికి తెలుసు. పుణె నుంచి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్లకు 9వ నంబరు రోడ్డు, ఈ ఊరి మీదుగానే పోతుంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి ఇక్కడ తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. ఆ దశాబ్దం చివరికి ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది, ఆ తర్వాత ట్రాక్టర్లూ ఇక్కడే తయారవుతున్నాయి. బండ్లతో బతికే ఊరు, పైగా బీదర్ దాకా పరుచుకున్న ఎర్రమట్టి నేల. ఎండాకాలం దుబ్బ లేచిందంటే తెల్లకారు కూడా సాయంత్రానికి ఇటుకరంగు తిరుగుతుంది. దుమ్మూ, బండీ రెండూ ఉన్నచోట ‘రబ్బింగ్, పాలిష్’ అనే పని తప్పకుండా ఉంటుంది. చేత్తో రుద్దే ఆ పనిని ఇప్పుడు మిషన్‌తో చేస్తున్నారు, ఒక్క గీత కూడా మిగలకుండా అద్దంలా తేల్చడమే గురి. ఈ చిన్న పనిని కాస్త నిదానంగా గమనిస్తే, మతం వేల ఏళ్లుగా అడుగుతున్న ఒక ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుందని నా నమ్మకం. మనిషి శుద్ధి కావడమంటే ఏమిటి? శుద్ధి అయ్యేటప్పుడు పోయేది మలినం ఒక్కటేనా?

పాలిష్ అంటే రంగు మీద మెరుపు పూయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గీకే పని. ఇప్పటి కార్లకు రేకు మీద తుప్పును ఆపే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, తలవెంట్రుక మందం కూడా ఉండదు. గీత అంటే ఆ పైపూతలో పడ్డ గాడి. గాడిని పూడ్చే మందు లేదు, చుట్టూ ఉన్న గట్టును గాడి అడుగుదాకా దించాల్సిందే. మిషన్ కింద ప్యాడ్ మీద వేసే కాంపౌండ్‌లో ఉండేది అల్యూమినియం ఆక్సైడు లాంటి గట్టి పొడి. ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ మిషన్ వేగంగా కోస్తుంది గాని చెయ్యి కుదరకపోతే తన జాడలే రంగు మీద వదిలేస్తుంది. తిరుగుతూనే ఇరుసుకు కాస్త పక్కగా ఊగే డ్యుయల్ యాక్షన్ మిషన్ నెమ్మది, నమ్మకం. ఏ మిషన్ అయినా చేసేది ఒకటే: పెద్ద గీతలను చెరిపి వాటి చోట చిన్న గీతలు వేస్తుంది, ఆ చిన్నవాటిని ఇంకా మెత్తని పొడితో మరింత చిన్నవి చేస్తుంది. కంటికి కనబడే వెలుగు తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. గీతలు అంతకన్నా బాగా చిన్నవయ్యాక వెలుగు వాటి మీద చెదరదు, అద్దంలా తిరిగి వస్తుంది. అంటే గీత లేని తలం ఎక్కడా లేదు. వెలుగుకు అందని గీతలున్న తలాన్నే మనం నిర్మలం అంటున్నాం.

దీనికో ఖర్చుంది. గట్టి కాంపౌండ్‌తో ఒక విడత పని చేస్తే రెండు మూడు మైక్రాన్లో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువో పోతుంది. మళ్లీ రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాచేది ఆ పైపూతే, అది పలచబడితే కాపూ తగ్గుతుంది. మడతలూ అంచులూ ఉన్నచోట పూత మామూలుగానే పలచన, అక్కడ మిషన్ ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిస్తే అడుగు రంగు బయటపడుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు మొదట మిషన్ పట్టుకోరు, మందం కొలిచే పరికరం పట్టుకుంటారు. మెత్తని ప్యాడ్, మెత్తని మందుతో ఒక జానెడు చోట చేసి చూసి, అది సరిపోకపోతేనే దానికన్నా గట్టిది వాడతారు. ఎంత మురికి పోవాలో చూసేముందు ఎంత పూత మిగిలిందో చూస్తారు. ఈ వరస నాకు గొప్ప వివేకంగా తోస్తుంది. చిత్తశుద్ధి గురించి మన దగ్గర ఉన్న బోధల్లో ఈ కొలత మాట అరుదుగా వినబడుతుంది.

అయితే రుద్దడం గురించి మన శాస్త్రం ఆలోచించలేదని కాదు. బ్రహ్మసూత్రాల్లో నాలుగో సూత్రం మీద శంకరుల భాష్యంలో అద్దం రుద్దే పని నేరుగా కనబడుతుంది. మోక్షం కర్మవల్ల వచ్చే ఫలం కాదని నిరూపించడానికి ఆయన కర్మఫలాలను నాలుగు రకాలుగా విడదీస్తారు: కొత్తగా పుట్టించేది, ఒకదాన్ని మరొకటిగా మార్చేది, ఉన్నచోటికి చేరుకునేది, సంస్కరించేది. సంస్కారం మళ్లీ రెండు విధాలు, లేని గుణాన్ని తెచ్చిపెట్టడం ఒకటి, ఉన్న దోషాన్ని తీసివేయడం ఇంకొకటి. కారు పని తెలిసినవాడికి ఈ విభజన వెంటనే అర్థమవుతుంది. మైనమో సిరామిక్ పూతో వేయడం మొదటిది, కాంపౌండ్‌తో గీకడం రెండోది. అక్కడ ప్రతివాది ఒక మంచి ప్రశ్న వేస్తాడు: రుద్దితే అద్దంలో మెరుపు బయటపడినట్టు, క్రియవల్ల ఆత్మలోని మోక్షం కూడా బయటపడవచ్చు కదా? శంకరుల జవాబు చిన్నది, లోతైనది. క్రియ ఏదైనా తాను ఆనుకున్నదాన్ని మార్చకుండా జరగదు. ఆత్మను ఆనుకుని క్రియ జరిగితే ఆత్మ మారుతుంది, మారేది నిత్యం కాదు. స్నానం, ఆచమనం వంటివాటితో శుద్ధి పొందేది దేహంతో తనను ముడివేసుకున్నవాడే గాని ఆత్మ కాదు. వేదాంతం సంగతి అటుంచి, రుద్దుడు గురించి ఆయన చెప్పిన భౌతిక సత్యం నాకు ముఖ్యం. రుద్దితే రుద్దబడ్డది మారుతుంది. ఎంత మెత్తగా రుద్దినా దానిలో కొంత పోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ఆత్మకు మైక్రాన్ల మందం లేదు, కోపం, అసూయ, లోభం పోతే మనిషికి తరుగు ఏముంటుంది, ఎంత రుద్దితే అంత మంచిదే కదా అని అడగవచ్చు. ఈ అభ్యంతరానికి సూఫీల నుంచి బలమైన సాక్ష్యం కూడా ఉంది. 13వ శతాబ్దపు కవి రూమీ మస్నవీ మొదటి సంపుటంలో ఒక కథ ఉంది. చీనా చిత్రకారులు ఒక గోడ మీద రంగులతో అద్భుతాలు గీస్తారు, రూమ్ దేశస్థులు ఎదుటి గోడను రంగు ముట్టకుండా మెరిసేదాకా రుద్దుతారు. నడుమ తెర తీయగానే చీనావాళ్ల బొమ్మలన్నీ రుద్దిన గోడలో ఇంకా అందంగా మెరుస్తాయి. హృదయాన్ని రుద్దడమే మార్గమంతా అని ఈ కథను చదువుతారు. నేను దీన్ని కాదనను. కాని ఆ గోడ దగ్గర పని ఎక్కడ ఆగిందో చూడాలి. ఎదుటిది కనబడగానే ఆగింది. కనబడ్డాక కూడా రుద్దుతూ పోతే గోడ అరగడమే మిగులుతుంది. ఇక తరుగు మాట. శంకరుల వాదన ప్రకారమే ఆత్మ రుద్దుడుకు అందదు గనక, మనం సాధన పేరుతో రుద్దేవన్నీ అరిగేవే: దేహం, నిద్ర, మనసుకుండే సహజమైన ఉత్సాహం, ఇంట్లోవాళ్ల ఓపిక, ఆయుష్షులోని రోజులు. భగవద్గీత పదిహేడో అధ్యాయం, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవాళ్లను అసుర స్వభావులంటుంది. ఆరో అధ్యాయం అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ యోగం కుదరదంటుంది. బుద్ధుడు ఎముకలు తేలేదాకా ఉపవాసం చేసి, చివరికి అది మానిన తర్వాతే బోధి పొందాడని బౌద్ధులు చెప్పుకుంటారు. పూర్వం అద్దాలు కంచువి, దళసరివి. తరతరాలు రుద్దినా తరిగినట్టు కనబడలేదు. ఆ అద్దాన్ని పోలికగా పట్టుకున్నవాళ్లకు రుద్దుడు ఖర్చులేని పనిగా తోచి ఉంటుంది. మనకు దొరికిన పోలిక నలభై మైక్రాన్లది. మనిషి బతుకుకు ఇదే దగ్గరి పోలిక అంటాను.

ఇంతవరకు చెప్పినది గీతలను ఎలా తీస్తారన్నది. అవి ఎలా పడతాయన్నది ఇంతకన్నా పెద్ద సంగతి. దుమ్ము కారు మీద పడి కూర్చున్నంతమాత్రాన గీత పడదు. పొడి గుడ్డతో దాన్ని తుడిచినప్పుడు పడుతుంది. ఆ ఎర్రదుబ్బలోని ఇసుకరేణువులు పైపూతకన్నా గట్టివి, గుడ్డ మడతలో చిక్కి, చెయ్యి తిరిగిన దారినల్లా తిరుగుతాయి. కింద దుమ్ములో పడ్డ గుడ్డనే దులిపి మళ్లీ వాడటం, ఒకే బకెట్ నీళ్లలో మురికి స్పాంజిని ముంచి ముంచి రుద్దడం, ఈ రెండు అలవాట్లు చాలు, ఏడాదిలో కొత్త కారు సాలెగూడవుతుంది. దసరా పొద్దున ఆయుధపూజకు ముందు బండిని మెరిపించాలన్న తొందరలో ఇంట్లోని పాత చీరముక్కతో గట్టిగా తుడిచే చెయ్యి భక్తితోనే తుడుస్తుంది. ఆ భక్తి నిజమైనదే, గీతలూ నిజమైనవే. ఒక తలం మీద మనకు కనబడే మచ్చల్లో ఎక్కువభాగం మలినం చేసినవి కావు, మలినాన్ని తొలగించే పద్ధతి చేసినవి. ఈ ఒక్క సత్యాన్ని మతం తన మీద తాను ప్రయోగించుకోవాలని నా కోరిక.

తెలుగునాట శుద్ధికి ఉన్న పాత మాట మడి. ఆ మాట పుట్టుక చూస్తే మనసు చివుక్కుమంటుంది. కన్నడంలోనూ తెలుగులోనూ మడి అంటే ఉతికిన బట్ట. ఉతికేవాడు మడివాలు. తెలంగాణ పల్లెల్లో రజకులు కొలిచే మడేలయ్య పేరులోనూ ఆ మాటే ఉంది. బట్టకు మడి తెచ్చేది ఉతికేవాడి చెయ్యి, కాని ఆ చెయ్యి తగిలితే మడి పోతుందన్నారు. మలినాన్ని తీసేవాడికి మలినం అంటగట్టి, తీయించుకున్నవాడు శుద్ధుడైపోయాడు. పాకీపని చేసే మనుషుల విషయంలో ఇది ఎంత దారుణానికి పోయిందో, 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేయవలసి రావడమే చెబుతుంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసి డెబ్బై అయిదేళ్లు దాటింది. శుద్ధికాంక్ష సమాజమనే తలం మీద వేసిన గీతలు ఇవి. వేసింది దుమ్ము కాదు, తుడుపు. అందరూ ఆచారంతోనే తుడిచారు, చాలామంది పరలోక భయంతో తుడిచారు. కాని ఎవరూ గుడ్డ తిప్పి చూసుకోలేదు.

గుడ్డ తిప్పి చూసినవాళ్లు ఉన్నారు, అదీ ఈ దారిలోనే. జహీరాబాద్ నుంచి ఇదే రహదారి మీద పడమరకు పోతే బసవకల్యాణం వస్తుంది. 12వ శతాబ్దంలో బిజ్జలుడి కొలువులో మంత్రిగా ఉన్న బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణుల్లో మడివాలు మాచయ్య ఒకడు, వృత్తికి చాకలి. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో తెలుగులో ద్విపదగా రాసిన బసవపురాణంలో మాచయ్య సామాన్యుడు కాడు, బసవన్న సైతం తలవంచే భక్తుడు. ఉతికే చేతిని పూజ్యస్థానంలో కూర్చోబెట్టడమంటే శుద్ధి అనే మాటను దాని పుట్టింటికి తిరిగి పంపడమే. బౌద్ధంలోనూ దీనికి తోడు కథ ఉంది. చూళపంథకుడనే భిక్షువుకు నెలల తరబడి ఒక్క గాథ కూడా కంఠతా రాలేదు. అన్నే అతణ్ణి ఆరామం నుంచి పొమ్మన్నాడు. బుద్ధుడు అతనికి ఒక తెల్లని గుడ్డ ఇచ్చి, మురికి పోతోందని తలుచుకుంటూ దాన్ని చేత్తో రుద్దుతూ కూర్చోమన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. మాసిన గుడ్డను చూస్తూ అతను జ్ఞానం పొందాడు. అతని చూపు ఎక్కడ నిలిచిందో గమనించాలి. శుభ్రమవుతున్న వస్తువు మీద కాదు, మాసిపోతున్న బట్ట మీద. ఎదుటివాళ్ల దోషాలు తుడవడానికి బయల్దేరే ప్రవక్తలూ, పీఠాలూ, ఉద్యమాలూ చేతిలోని గుడ్డను ఒక్కసారి ఇలా చూసుకుని ఉంటే చరిత్రలో రక్తం కొంత తగ్గేదని నేను గట్టిగా నమ్ముతాను.

తుడవడం తర్వాత చూడటం. బానెట్ మీద గీతలు వలయాలుగా ఉన్నాయన్నాను, నిజానికి అవి అలా ఉండవు. అడ్డదిడ్డంగా, అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. దీపం వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే మెరిసి కంటికి తగులుతాయి, మిగిలినవి చీకట్లో ఉండిపోతాయి. అందుకే దీపం చుట్టూ గుండ్రంగా పేర్చినట్టు కనబడతాయి. దీపాన్ని మూరెడు పక్కకు జరిపితే వలయాల నడిబొడ్డు కూడా మూరెడు జరుగుతుంది. ఇంగ్లిష్ నవలాకారిణి జార్జ్ ఎలియట్ 1871, 72లలో వెలువడిన ‘మిడిల్‌మార్చ్’ ఇరవై ఏడో అధ్యాయంలో ఈ దృశ్యాన్నే వాడుకుంది. పనిమనిషి రుద్ది రుద్ది మెరిపించిన లోహపు పలక, దాని మీద అన్ని వైపులకూ గీతలు, ఒక కొవ్వొత్తి పెట్టగానే అవన్నీ ఆ జ్వాల చుట్టూ తిరుగుతున్నట్టు భ్రమ. ఆ కొవ్వొత్తిని ఆమె మనిషి అహంకారమంది, గీతలను లోకంలో జరిగే సంఘటనలంది. ఆమె ఆగినచోటు నుంచి ఇంకొక అడుగు వేయాలనిపిస్తుంది. ఆత్మపరీక్ష చేసుకునేవాడి చేతిలోనూ ఆ కొవ్వొత్తే ఉంటుంది. నా తప్పులన్నీ ఒకే వలయంలో అమరి కనబడితే, ఆ అమరికలో నా తప్పులెంతో నా దీపమూ అంతే. కొందరు తమను తాము మహాపాపులమని నిందించుకుంటూ, ఆ నిందలోనే తమను లోకానికి కేంద్రం చేసుకుంటారు. కొందరికి ఎదుటి మతంలోని లోపాలు చక్కని వరసలో కనబడతాయి. వరస కట్టింది ఎవరి దీపమో అడగరు. పాలిష్ చేసేవాడు ఒకే దీపాన్ని నమ్మడు. కింద నుంచి, పక్క నుంచి చూసి, ఎండలోకి తెచ్చి మళ్లీ చూస్తాడు. దీపం మార్చినా ఉన్నదే గీత.

దీనికి ఎదురుగా వచ్చే ఆక్షేపణ బలమైనది. తుడిస్తే గీత, రుద్దితే తరుగు అంటే ఇక మురికిని వదిలేయమంటారా? ఇది సోమరులకు వేదాంతం కాదా? కాదు, ఎందుకంటే దోషాలన్నీ ఒక జాతివి కావు. గీత మూడో అధ్యాయంలో కామం జ్ఞానాన్ని కప్పే తీరుకు మూడు పోలికలున్నాయి: నిప్పును కప్పిన పొగ, అద్దాన్ని కప్పిన దుమ్ము, శిశువును కప్పిన మావి. మూడూ కప్పేవే, తొలగే దారులు వేరు. పొగ గాలికి పోతుంది. దుమ్మును తుడవాలి. మావి దగ్గర చెయ్యి పెట్టకూడదు, నెలలు నిండాలి. కారు మీద కూడా అంతే. ఎండిన దుమ్మును ముట్టకుండా ముందు నీటిధారతో జార్చాలి. తారు చుక్కలు, గట్టిగా అంటుకున్న ఇనుపరజను ఉంటే వాటికి తగిన ద్రావకంతో కరిగించి, జారుడు ద్రవం చల్లి మెత్తని క్లే ముద్దతో ఎత్తాలి. పక్షిరెట్ట విషయంలో మాత్రం ఆలస్యం తప్పు. ఎండకు అది పూతను తినేస్తుంది, ఆ రోజే తడిపి తీయకపోతే మిగిలే మచ్చ గీతకన్నా లోతు. కాబట్టి నేను చెప్పేది వదిలేయమని కాదు, దోషం జాతి తెలియకముందు చెయ్యి ఎత్తవద్దని. అలవాటుగా ఆడే అబద్ధం పక్షిరెట్ట లాంటిది. పిల్లల అల్లరి పొగ. యువకుడి సందేహం, దేవుడు ఉన్నాడా అన్న మొదటి కలత, చాలాసార్లు మావి. దాన్ని దుమ్మనుకుని గట్టిగా తుడిచిన తల్లిదండ్రులూ గురువులూ ఎన్ని బతుకుల మీద గీతలు వేశారో లెక్క లేదు. జహీరాబాద్ పక్కనే ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి గుడి ఉంది. చర్మరోగంతో బాధపడుతున్న కుపేంద్రుడనే రాజు వేటకొచ్చి ఇక్కడి నీటిలో మునిగితే ఒళ్లు బాగుపడిందని స్థలపురాణం. ఆ కథలో ఎవరూ రాజును తోమలేదు. నీళ్లు తగిలాయి, అంతే. పుణ్యతీర్థాలన్నిటిలోనూ తోముడుకన్నా మునకకే పెద్దపీట వేసిన పెద్దలకు చర్మం సంగతి బాగా తెలుసనిపిస్తుంది.

మరి శంకరులు చెప్పిన మొదటి సంస్కారం, లేని గుణాన్ని తెచ్చిపెట్టడం మాటేమిటి? ఇక్కడ ఒక మోసమూ ఉంది, ఒక సత్యమూ ఉంది. నూనెలూ మైనాలూ కలిసిన కొన్ని మందులు గీతలను తీయవు, వాటిలో నిండి కూర్చుంటాయి. బండి ఇచ్చేరోజు అద్దంలా ఉంటుంది, నాలుగు వాష్‌లు కాగానే సాలెగూడు తిరిగొస్తుంది. నిజాయితీ ఉన్న పనివాడు ఆల్కహాలు కలిపిన నీళ్లతో ఆ నూనెను తుడిచేసి, ఉత్త తలాన్ని చూపించి, ఆ తర్వాతే డబ్బు తీసుకుంటాడు. గీత పదహారో అధ్యాయం ఆసురీ సంపదలో మొట్టమొదట పేర్కొన్నది దంభం. గాడిలో నిండిన నూనెకు ఇంతకన్నా సరైన పేరు లేదు. అయితే శుభ్రం చేసిన తలం మీద వేసే కాపుపూత దంభం కాదు. అది గీతను దాచడానికి వేసింది కాదు, రేపటి తుడుపు తేలిక కావడానికి వేసింది. నిత్యం చేసే సంధ్యావందనమో, నమాజో, పొద్దున్నే నాలుగు మంచి మాటలు చదువుకునే అలవాటో ఈ కాపు లాంటివి. వాటివల్ల మనిషి మెరవకపోవచ్చు, పడిన దుమ్ము మాత్రం గట్టిగా పట్టుకోదు. పూతకు ముందు శుద్ధి జరిగిందా లేదా అన్నదొక్కటే దంభానికీ సాధనకూ మధ్య గీటు, దాన్ని చూడటానికి బయటివాడి దీపం చాలదు.

చివరి చిక్కు, పూర్తి నిర్మలత్వం. ఒక్క గీత కూడా ఉండకూడదన్న పట్టుదలను నేను చులకన చేయను. పనిలో ఆ పట్టుదల లేకపోతే పనే లేదు. కాని వేలుగోరు ఆనించి నెమ్మదిగా లాగినప్పుడు గోరు తట్టుకునే గీత ఒకటి ఉంటుంది. అది పైపూత లోతుల్లోకి దిగిన గీత. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్నదంతా పోవాలి. అక్కడ మంచి పనివాడు గీత అంచులను మాత్రం కాస్త గుండ్రం చేసి, వెలుగు పదునుగా తగలకుండా చూసి, వదిలేస్తాడు. మతంలో దీనికి సమానమైన ధైర్యం తక్కువచోట్ల కనబడుతుంది, ఝరాసంగంలో కనబడుతుంది. శివుడి ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పిందని మొగలిపువ్వును, అంటే కేతకిని, పురాణం పూజకు పనికిరానిదన్నది. ఈ గుడిలో ఆ పువ్వే స్వామికి చెందుతుంది, స్వామి పేరులోనే ఆ పువ్వు ఉంది. తప్పు జరగలేదని ఇక్కడ ఎవరూ అనరు, శాపం మాట దాచరు. మచ్చతోనే దాన్ని దగ్గరికి తీసుకున్నారు. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న బీదర్‌లో బిద్రీ పనివాళ్లు జస్తా, రాగి కలిపి పోసిన పాత్రను ఆకురాయితో గీకి నునుపు చేసి, గాడులు తొలిచి వెండితీగ కొట్టి, మళ్లీ రుద్దుతారు. అప్పటికి వెండీ లోహమూ ఒకే తెల్లదనంలో కలిసిపోయి పనితనం కనబడదు. కోటలోని పాతగోడల దగ్గర ఎండావానా తగలని మట్టిని తెచ్చి, నవసాగరం కలిపి, వేడిచేసిన పాత్రకు పట్టిస్తే చుట్టూ ఉన్న లోహం నల్లబడి వెండి వెలుగులోకి వస్తుంది. ఎన్ని పొడులతో రుద్దినా రానిది ఆ మట్టితో వస్తుంది. ఇదే ఎర్రనేల మట్టిని ఇటు జహీరాబాద్ రోడ్డు పక్కన ఒకరు కారు మీది నుంచి నీళ్లతో జారుస్తుంటారు, ముందు ధార పెట్టి, తర్వాతే గుడ్డ తీసి, తీసిన గుడ్డను వెలుగుకు ఎత్తి తిప్పి చూసి.